కడిగేసిన పాఠం

ప్రార్థన ఇంకా పూర్తికాకముందే నూకరత్నం బడి గేటు తోసుకుని లోపలికి వచ్చింది. పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చదువుతున్నారు. ఆమె ఆగలేదు. వరసల మధ్యలోంచి నేరుగా రెండో తరగతి గదిలోకి పోయింది. ఏం కొంప మునిగిందోనని సత్యవేణి టీచరు గబగబా వెనకే వెళ్లేసరికి, ఆమె బల్ల మీద ఒక గోంగూర కట్ట విసిరికొట్టింది.

దాన్ని కట్ట అనడం కూడా తప్పే. ఒక కాడ తలకిందులు, ఇంకోటి అడ్డం. అరటినార ఎక్కడో చుట్టి ఎక్కడో వదిలేసి ఉంది. బల్ల మీద పడగానే మొత్తం విడిపోయింది.

"ఇది మా పావని కట్టింది, సూడండి టీచరమ్మా. మాటలు సరిగ్గా రానప్పుడే నా పక్కన కూకుని కట్ట కట్టడం నేర్సుకుంది. కళ్లు మూసుకుని కట్టీసేది. నిన్న నార సేతికిస్తే అటూ ఇటూ సూసి, దీంతో ఏటి సెయ్యాలమ్మా అని అడుగుతంది."

సత్యవేణి నవ్వబోయింది. పిల్లలన్నాక ఎన్నో వేషాలు వేస్తారు. "కట్టడం ఇష్టం లేక అలా అనుంటుంది నూకరత్నం. రెండ్రోజులు చూద్దాం."

"దసరా సెలవుల కాడినించీ సూస్తన్నాను. దిష్టి తీసినాను. తాయెత్తు కట్టించినాను. రోజూ తెల్లారగట్ల నాతోపాటు రైతుబజారుకొచ్చి, గోనె మీద నా తొడమీద తలెట్టి తొంగునేది. ఇప్పుడు రమ్మంటే రాదు. నన్ను అమ్మా అని పిలుస్తంది. పిలుపుంది, మరేటీ నేదు. కొత్తకోడలు అత్తని పిలిసినట్టుంది ఆ పిలుపు!" నూకరత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మీరు కదా ఆ పట్నం తీసుకెల్లినారు. మీ మొకం సూసి పంపినాను. నా గుంటకి ఏటి సేసినారు?"

గుమ్మంలో పావని నిలబడి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. తల్లి ఎందుకు ఏడుస్తోందో అర్థంకాక చూస్తోంది. పరాయివాళ్ల ఇంట్లో గొడవ జరుగుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసే పిల్లలా చూస్తోంది. ఆ చూపుకే సత్యవేణి నవ్వు ఆగిపోయింది.

సత్యవేణికి పాఠాల పిచ్చి. పాఠం చెప్పడం ఒకటే కాదు, పాఠానికి కావలసిన సామగ్రి చెయ్యడం ఆమెకు పండగ. చీపురు పుల్లలు, సీసా మూతలు, చింతపిక్కలు, పెళ్లి శుభలేఖల అట్టలు, ఏవీ ఆమె చేతిలోంచి చెత్తబుట్టలోకి పోవు. టీచర్ల మేళా జరిగిన ప్రతిసారీ ఆమె బల్ల చుట్టూ జనం మూగేవాళ్లు. ఎవరైనా బాగుందంటే చాలు, "తీసుకుపోండి, నేను ఇంకోటి చేసుకుంటాను" అని అక్కడికక్కడే ఇచ్చేసేది. పంచుకుంటే పాఠం పెరుగుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టుకునే ఫణీంద్ర ఆమెను లాగాడు.

ఫణీంద్ర ఆమెతోపాటు టీచరు శిక్షణ చదివినవాడు. కొన్నాళ్లు పాఠాలు చెప్పి, తర్వాత పై చదువులకు పోయి, ఇప్పుడు విశాఖలో 'వితరణ' అనే సంస్థలో ప్రయోగశాల నడుపుతున్నాడు. వాళ్లు కనిపెట్టిందాన్ని తెలివిడి అంటారు. ఒక పిల్లకు ఒక సంగతి మొట్టమొదటిసారి అర్థమయ్యేటప్పుడు తలలో ఏ దారిన ఏం నడుస్తుందో మొత్తం పట్టుకుంటుంది తలకు చుట్టిన ఒక గుడ్డ పట్టీ. ఆ నడకను ఇంకో పిల్ల పట్టీలోకి పంపితే, ఆ పిల్ల కూడా అదే దారిన తడబడుతూ వెళ్లి అదే చోట "ఓ, ఇదా!" అంటుంది. అంటే జవాబు నోట్లో పెట్టరు, దారి చూపిస్తారు. అందుకే అది నిజమైన చదువు అని ఫణీంద్ర పొంగిపోయేవాడు. పట్టీలు, పాఠాలు అన్నీ బళ్లకు ఉచితం.

"పదులు, ఒకట్లు నీలాగా ఎవరూ చెప్పలేరు సత్యా. పాఠం నీది. పిల్లను నువ్వే ఎంచుకో. ఇంకా ఆ పాఠం వినని పిల్ల కావాలి, చురుకైనది కావాలి" అన్నాడు.

ఆమె పావనిని ఎంచుకుంది. వెళ్లి నూకరత్నాన్ని అడిగింది. మీ పిల్ల అర్థం చేసుకున్న తీరుతో ఊరూరా పిల్లలు నేర్చుకుంటారని చెప్పింది. నూకరత్నం పొంగిపోయి పిల్లకు కొత్త రిబ్బన్లు కొని పంపింది.

దసరా సెలవుల్లో విశాఖ వెళ్లిన ఆ మొదటి రోజు సత్యవేణికి బాగా గుర్తు. తెల్లటి గది. పావని నెత్తిన పట్టీ. నేలమీద చీపురు పుల్లలు. పది పుల్లలు లెక్కపెట్టించి, రబ్బరుబ్యాండు వేయించి, "ఇప్పుడు ఇవి ఎన్ని?" అని అడిగింది. "పది" అంది పిల్ల. "చేతిలో ఎన్ని కట్టలున్నాయి?" "ఒకటి." "మరి పదా, ఒకటా?" పావని నొసలు చిట్లించింది. పుల్లల కట్టను తిప్పి తిప్పి చూసింది. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"మాయమ్మ గోంగూర కట్టినట్టే! కాడలు పదున్నా అమ్మేటప్పుడు కట్ట ఒకటే! పదీ అదే, ఒకటీ అదే టీచర్!"

సత్యవేణి పిల్లను ఎత్తి గిరగిరా తిప్పింది. అద్దం వెనక ఫణీంద్ర మాత్రం పెన్ను పక్కన పెట్టి చూస్తున్నాడు. అలసిపోయాడేమో అనుకుంది. మర్నాటి నుంచి పావనితో వేరే పాఠాలు తీస్తామని, ఆమె అవసరం లేదని, మేళాలో పెట్టడానికి పుల్లల కట్టలు చేసిపెట్టమని చెప్పారు. ఆమె ఆ సెలవులన్నీ అతిథి గదిలో కూర్చుని రంగురంగుల పుల్లలు కట్టింది. పక్క గదిలో ఏం జరుగుతోందో కనీసం తొంగిచూడలేదు. ఇప్పుడు అది తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

పాఠం అన్ని బళ్లకూ వెళ్లింది. సత్యవేణి తన తరగతిలోనూ పెట్టింది. నిజంగానే అద్భుతం. ఏళ్ల తరబడి నెత్తీనోరూ బాదుకున్నా రానిది చిటికెలో వచ్చేసింది. కాకపోతే ఒక వింత ఉంది. పాఠం సగంలో ప్రతి పిల్లా ఏడ్చేది. వెక్కి వెక్కి కాదు, కళ్లలో నీళ్లు తిరిగి గబుక్కున చుట్టూ చూసేది. "లోతైన ఏకాగ్రత వల్ల కళ్లు చెమర్చడం సహజం, కంగారు పడవద్దు" అని సంస్థ ముందే చెప్పింది. టీచర్లెవరూ కంగారు పడలేదు. పట్టీ తమ తలకు చుట్టుకుని చూడాలని ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? పాఠం పిల్లలకు కదా, టీచరుకు పదులూ ఒకట్లూ రావా ఏమిటి!

నూకరత్నం వెళ్లిపోయాక, మధ్యాహ్న భోజనాల గంట కొట్టి పిల్లలు పళ్లాలు పట్టుకుని పరిగెత్తాక, సత్యవేణి తలుపు దగ్గరగా వేసి పట్టీ తీసి తలకు చుట్టుకుంది.

ముందు పుల్లలు కనిపించాయి. చిన్నచిన్న వేళ్లు, తనవి కాని వేళ్లు, లెక్కపెడుతున్నాయి. పది. ఒక కట్ట. పదా, ఒకటా? ఎక్కడో ఏదో తెలిసినట్టే ఉంది. నాలుక చివర మాట ఆడినట్టుంది. మనసు దానికోసం చెయ్యి చాచింది. పుల్లటి ఆకు వాసన అంచు ఒకటి తగిలింది. తడిసిన నార. గాజుల చప్పుడు, ఎవరివో గాజులు.

ఏమీ లేదు. చాచిన చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఉండవలసిన మనిషి అక్కడ లేదు. రోజూ ఉండే చోట లేదు. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లలా లోపల ఎవరో తిరిగారు, వెతికారు, పిలవడానికి పేరు కూడా దొరకలేదు. ఆ భయంలోకి ఒక గొంతు వచ్చింది. సత్యవేణి గొంతే, మొదటి రోజు పట్టినది. "పది ఒకట్లు కలిస్తే ఒక పది." మునిగిపోయేవాళ్లు తాడు పట్టుకున్నట్టు పిల్ల ఆ మాట పట్టుకుంది. అర్థమైపోయింది.

ఆమె పట్టీ లాగి పడేసింది. ఇదా ఏకాగ్రత! ఊరూరా ఇన్ని వేల మంది పిల్లలు ఏడ్చింది ఇందుకా! సెలవు చీటీ కూడా రాయలేదు. పక్క గది టీచరుతో ఒక మాట చెప్పి విశాఖ బస్సెక్కింది.

ఫణీంద్ర దాచలేదు. దాచవలసిన పని చేశానని అతను అనుకుంటే కదా.

"కూర్చో సత్యా. మొదటి రోజు వచ్చిన తెలివిడి బంగారం. కాదనను. కానీ ఆ దారి పొడుగునా వాళ్లమ్మే ఉంది. ఆ నార, ఆ గోనె, ఆ గాజులు. దాన్ని వేరే చోట పిల్లల మీద పెట్టి చూశాం. మా అమ్మ గోంగూర కట్టదే అని సగంలో ఆగిపోయారు. పాఠం అందరికీ పనికిరావాలంటే శుభ్రంగా ఉండాలి."

"శుభ్రంగా అంటే?"

"ఎవరి అమ్మా లేకుండా." ఆ మాట అన్నాక అతనికే ఎబ్బెట్టుగా అనిపించినట్టుంది. బల్ల మీది పెన్ను సర్దాడు. "ఒకసారి అర్థమైంది మళ్లీ మొదటిసారి అర్థం కాదు కదా. అందుకని ఆ ఒక్క సంగతీ తుడిచి మళ్లీ నేర్పించాం. మళ్లీ వాళ్లమ్మ దగ్గరికే పోయింది. ఇంకోవైపు నుంచి నేర్పినా తిరిగి తిరిగి అక్కడికే. చాలాసార్లు చేశాం. ప్రతిసారీ ఆవిడ తగిలినంత మేరా తుడుచుకుంటూ వెళ్లాం."

"తుడుచుకుంటూ వెళ్లారు! అది పిల్ల బుర్రా, పలకా?"

"అరవకు. తల్లి ఒప్పుకునే పంపింది."

"నన్ను నమ్మి పంపింది! నేను నిన్ను నమ్మి తెచ్చాను!"

ఫణీంద్ర ఓపికగా చెప్పడం మొదలుపెట్టాడు. అతని ఓపిక చూస్తే సత్యవేణికి ఇంకా ఒళ్లు మండింది. "నువ్వే అనేదానివి, మంచి సామగ్రి ప్రతి బడికీ చేరాలని. చేరింది. ఒక్క పిల్ల వెనకబడలేదు. టీచరు లేని బళ్లలో కూడా నేర్చుకుంటున్నారు. ఇదంతా ఉచితంగా ఇస్తున్నాం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవడం లేదు."

"నూకరత్నం దగ్గర తీసుకున్నారు."

అతను మళ్లీ పెన్ను సర్దాడు.

"మొదటి రోజుది నాకు ఇచ్చెయ్. పావని తలలోది పావనికి పెడతాను."

"ఉంది. కానీ ఇవ్వడం నా చేతిలో లేదు, పైవాళ్లు ఒప్పుకోవాలి. పైగా అలా తిరిగి పెడితే పడుతుందో లేదో తెలీదు. ఎప్పుడూ చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

"ఎవరూ తిరిగి అడగలేదు సత్యా."

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఆ పాఠం నువ్వు ఒక్కసారైనా పెట్టుకుని చూశావా?"

"నాకెందుకు? నాకు పదులూ ఒకట్లూ రావా?"

మేళా శనివారం విజయనగరంలో. హాలు నిండా బల్లలు, బల్లల నిండా అట్టముక్కల గడియారాలు, గింజల పూసలు, సీసా మూతల అబాకస్‌లు. వేదిక మీద మాత్రం ఇవేమీ లేవు. పూలదండల మధ్య గాజు పెట్టెలో ఒక్క పట్టీ ఉంది. వితరణ అధ్యక్షుడు రాజగోపాలం గారు, ఆయన పక్కన ఫణీంద్ర, ఇంకొందరు పెద్దలు కూర్చున్నారు. ఉత్తమ పాఠానికి సత్యవేణికి సన్మానం. శాలువా పళ్లెంలో సిద్ధంగా ఉంది.

ఆమె వేదిక ఎక్కి శాలువాను చేత్తో ఆపింది. "సన్మానం తర్వాత సార్. ముందు పాఠం. ఇన్ని వేల మంది పిల్లలకు పంచాం, మనలో ఒక్కరం చదవలేదు. మీరు పట్టీ పెట్టుకుని పాఠం వింటే టీచర్లందరికీ ముచ్చటగా ఉంటుంది."

హాలంతా నవ్వులు, చప్పట్లు. పెద్దవాళ్లు పిల్లలయ్యే ఫొటో ఎవరికి చేదు? రాజగోపాలం గారు తలపాగా చుట్టుకున్నట్టు పట్టీ చుట్టించుకుని కెమెరాల వైపు చెయ్యి ఊపారు. మిగతావాళ్లూ టీచర్ల సంచుల్లోంచి పట్టీలు తెప్పించుకుని పెట్టుకున్నారు. ఫణీంద్ర ఆమెవైపు ఒక్కసారి చూశాడు. అందరూ పెట్టుకున్నాక తప్పక తనూ పెట్టుకున్నాడు.

కాసేపటికి రాజగోపాలం గారి నవ్వు సడలింది. ఆయన చెయ్యి కుర్చీ చేతిమీంచి లేచి గాలిలోకి, ఎవరి కొంగో అందుకోబోయినట్టు చాచుకుంది. అలాగే ఉండిపోయింది. డెబ్బై దాటిన ముసలాయన, పెదవి వణుకుతూ వేదిక మీద అటూ ఇటూ చూశాడు. హాల్లో చప్పట్లు ఆగిపోయాయి.

రాజగోపాలం గారు పట్టీ తీశాక సత్యవేణి మైకు దగ్గరే నిలబడి అడిగింది. "ఎవరికోసం వెతికారు సార్?"

"ఏమోనమ్మా, ఎందుకో మా అమ్మ..." ఆయన రుమాలుతో కళ్లు తుడుచుకున్నారు.

"మీ అమ్మ కాదు. అదిగో, మూడో వరసలో కూర్చున్న ఆవిడ. పేరు నూకరత్నం. రైతుబజారులో గోంగూర అమ్ముతుంది. పక్కనున్నది ఆవిడ కూతురు. పదంటే ఏమిటో ఆ పిల్లకు వాళ్లమ్మ చేతుల వల్ల అర్థమైంది. అందరి పిల్లలకూ పనికిరాదని ఆ పిల్ల తలలోంచి వాళ్లమ్మను కడిగేసి, ఆ ఖాళీని పాఠం అని పంచారు. నా గొంతుతో పంచారు. మన పిల్లలు ఏడ్చింది ఏకాగ్రతతో కాదు. మీరిప్పుడు వెతికినట్టే వెతికారు. పావని రోజూ అలాగే ఉంది."

నూకరత్నం లేచి నిలబడింది. కూతురి చెయ్యి పట్టుకుని ఉంది. పావని అందరూ తనవైపే చూస్తున్నారని సిగ్గుపడి నవ్వింది.

రాజగోపాలం గారు గొంతు సవరించుకున్నారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు తేరుకోవడానికి ఎంతో సేపు పట్టదు. "చాలా బాధాకరం. ఆ తల్లికి తప్పకుండా న్యాయం చేద్దాం. అయితే పాఠం మాత్రం అమోఘంగా ఉందమ్మా, కాదనలేం. ఫణీంద్ర గారూ, ఆ ఏడుపొచ్చే చోటు కొంచెం తగ్గించడానికి వీలవుతుందా? కావాలంటే ఇంకో పిల్లతో తీద్దాం."

ముందు వరసలో ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

సత్యవేణి మైకు లాక్కుని హాలువైపు తిరిగింది. "విన్నారా? ఇంకో పిల్ల కావాలట! మన బళ్లలోంచే తీసుకుంటారు, ఆకాశంలోంచి కాదు. ఎవరి పిల్లను ఇస్తారు? మీ తరగతిలో పిల్లనిస్తారా, మీ ఇంట్లో పిల్లనిస్తారా? ఇచ్చేవాళ్లు చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యి లేవలేదు.

"ఇవ్వలేనివాళ్లు రేపు ఈ పాఠం పెట్టకండి. సిగ్గుండాలి మనకి! పిల్లలకు మనం చెప్పలేమా? పుల్లలు లేవా, గింజలు లేవా, మన చేతులు పడిపోయాయా?"

వెనక వరసలోంచి ఒక టీచరు లేచి, సంచిలోంచి పట్టీలు తీసి వేదిక మెట్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకొకరు. తర్వాత ఇంకొందరు. అందరూ కాదు. సగం మంది కూడా కాదు. చాలామంది నేల చూపులు చూస్తూ సంచులు ఒళ్లో పెట్టుకునే ఉన్నారు. వాళ్ల బళ్లలో సోమవారం మళ్లీ అదే పాఠం నడుస్తుందని సత్యవేణికి తెలుసు. శాలువా అలాగే పళ్లెంలో వదిలేసి దిగిపోయింది. ఫణీంద్ర పట్టీ తియ్యకుండా కూర్చునే ఉన్నాడు.

సోమవారం బడి వదిలే వేళకు అతను వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. జేబులోంచి ఒక పట్టీ తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మొదటి రోజుది. ఎవర్నీ అడగలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు." ఆ పట్టీ వైపే చూస్తూ, "నాకు మా అమ్మ గుర్తే లేదు సత్యా, నా చిన్నప్పుడే పోయింది. అయినా వెతికాను" అన్నాడు.

అతని మీద జాలిపడే ఓపిక ఆమెకు లేదు. "కూర్చుని చూడు" అంది.

నూకరత్నం బజారు నుంచి నేరుగా వచ్చింది, అమ్ముడుపోని గోంగూర గంపతోసహా. పావనిని నేలమీద కూర్చోబెట్టారు. సత్యవేణి వంగి పట్టీ చుట్టింది. జడల కిందుగా ముడి వేసింది. నూకరత్నం కూతురి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

పావని కళ్లు మూసుకుంది. నొసలు చిట్లించింది. వేళ్లు కదిలాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు. ఈసారి చెయ్యి గాలిలో ఆగిపోలేదు, పిల్ల భయపడలేదు. మొహం మెల్లిగా వెలిగింది. మొదటి రోజు వెలుగే, అదే వెలుగు! సత్యవేణి ఆ వెలుగును గుర్తుపట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నూకరత్నం ముందుకు వంగింది.

పావని కళ్లు తెరిచింది. తల్లివైపు చూడలేదు. సత్యవేణివైపు తిరిగి సంబరంగా అడిగింది.

"ఈ పాపెవులు టీచర్? ఆల్లమ్మ గోంగూర బలే కడతాది!"

ఫణీంద్ర మొహం చేతుల్లో దాచుకున్నాడు. సత్యవేణికి అరవాలనిపించింది, అతన్ని మెడపట్టి బయటికి గెంటాలనిపించింది, తనను తానే ఆ గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ పని ఏదీ చెయ్యలేక బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

నూకరత్నం కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. గంప దగ్గరికి లాక్కుని ఒక కట్ట తీసి, నార విప్పేసింది. కాడలన్నీ కూతురి ముందు నేలమీద కుప్పగా పోసింది.

"ఎవులో పాప సంగతి మనకెందుకే" అంది. "ఇలగ దగ్గరకొచ్చి కూకో. ముందు వేర్లన్నీ ఒకేపు సర్దాల. ఆ తర్వాత నార తడపాల."

పావని కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగి, కొత్తచోట కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చుని, ఒక కాడ అందుకుంది.